చెవిలోని మైక్రోఫోను

ప్రసంగకర్త స్టూడియోలో మైక్రోఫోను ముందు కూర్చుండగనే, నాలుగు మాటలు పలుకుమని మేము ఆయనను కోరుదుము. ఏమి పలికినను సరియే. తన పేరు చెప్పవచ్చును. భోజనములైనవా యని మమ్ము అడుగవచ్చును. అద్దమునకు ఆవలనున్న ఇంజనీరునకు ఆ మాటల అర్థముతో పని లేదు. ఆయన తన యెదుటనున్న మీటరును మాత్రమే చూచుచుండును. మాటవెంట మీటరు ఎగసి పడుచుండినచో మైక్రోఫోను చక్కగా పనిచేయుచున్నదని గ్రహించును. ఎగయుచున్న మీటరు ఒక్కసారిగా దిగజారినచో, ఎక్కడనో తీగ వదులైనదనియో, ఎవరి చేయియో మైక్రోఫోనుకు అడ్డమైనదనియో అనుమానించి, వెంటనే సైగ చేసి ప్రసంగమును ఆపించును.

మా పనివారి ఈ చిన్న అలవాటును ఇక్కడ చెప్పుటకు కారణమున్నది. ఇంచుమించు ఇట్టి పరీక్షయే ఈనాడు కొన్ని ఆస్పత్రులలో మనుష్యుని చెవికి, అందును శస్త్రచికిత్స జరుగుచుండగా, జరుపబడుచున్నది. రోగి మత్తులో నిద్రించుచుండును. వినబడుచున్నదా యని అడిగినను బదులు చెప్పజాలడు. అతని బదులు అతని చెవియే బదులు చెప్పును. అది యెట్లో, అందువలన లాభమేమో, దానికి గల పరిమితులేవో ఈ ప్రసంగమున వివరింతుము.

ముందుగా చెవి నిర్మాణమును కొంత జ్ఞప్తికి తెచ్చుకొందము. బయటి శబ్దము కర్ణభేరిని కదల్చును. దాని వెనుక సుత్తి, దాగలి, అంకవన్నెల ఆకారము గల మూడు చిన్న ఎముకలున్నవి. అవి ఆ కదలికను లోపలి చెవికి అందించును. లోపలి చెవిలో నత్తగుల్ల వలె రెండున్నర చుట్లకు పైగా చుట్టుకొన్న ఒక గొట్టము కలదు. దీనిని కర్ణావర్తమందురు, ఆంగ్లమున కోక్లియా యందురు. మొత్తము బఠానీగింజంత యుండును. చుట్లు విప్పి చాచినచో పొడవు దాదాపు 35 మిల్లీమీటర్లు. దాని లోపల ద్రవము నిండియుండును. నిలువునా ఒక పలుచని పొర సాగియుండును. ఆ పొరపై దాదాపు 15 వేల రోమకణములు వరుసలు తీరి యున్నవి. ద్రవము కదలగా పొర కదలును. పొర కదలగా రోమకణముల కొనలు వంగును. ఆ వంగుటలో విద్యుత్తు పుట్టును. ఆ ప్రేరణను శ్రవణనాడి మెదడునకు కొనిపోవును.

ఈ పొరయందు ఒక చక్కని అమరిక కలదు. హెచ్చు స్థాయి ధ్వనులు గొట్టము మొదట్లోనే పొరను బలముగా కదల్చును. తగ్గు స్థాయి ధ్వనులు లోపలి చుట్ల వరకు ప్రయాణము చేసి అచ్చట కదల్చును. వీణపై మెట్లవలె ఒక్కొక్క స్థాయికి ఒక్కొక్క చోటు నియమింపబడియున్నదన్నమాట. ఈ తరంగ గమనమును కనుగొన్నందులకే జార్జ్ వాన్ బెకెషీ పండితునకు 1961లో నోబెల్ బహుమానము లభించినది.

వార్ధక్యమువలన గాని, పెద్ద మ్రోతలవలన గాని, కొన్ని మందులవలన గాని రోమకణములు నశించునప్పుడు, తరచుగా ముందుగా పోవునవి గొట్టము మొదట నున్నవే. అనగా హెచ్చు స్థాయి వినికిడి ముందు పోవును. తగ్గు స్థాయి వినికిడి కొంత మిగులును. ఇట్టి వారి కష్టము విచిత్రమైనది. వారికి శబ్దము వినబడును గాని మాట తెలియదు. ఏలనన, మన భాషలో అ, ఆ, ఓ మొదలగు అచ్చులకు బలము తగ్గు స్థాయిలోనున్నది. స, చ, ట, త, క వంటి హల్లులను వేరుపరచు గుర్తులు చాలవరకు హెచ్చు స్థాయిలోనున్నవి. తాత, పాప, కాక యను మూడు మాటలు ఇట్టి వారి చెవిలో ఇంచుమించు ఒకే మాటయై పోవును. వాకిట నిలిచి పిలిచినవారెవరో తెలియును, ఏమన్నారో తెలియదు. ఇంటివారు గొంతు పెంచి అరచుదురు. వినికిడి యంత్రము పెట్టినచో ధ్వని పెద్దదగును గాని, ఆ ధ్వనిని అందుకొనవలసిన కణములే లేనప్పుడు మాట స్పష్టపడదు.

అయినను వారికి మిగిలినది స్వల్పమని తలపరాదు. తంబురా శ్రుతి, మృదంగములో ఎడమ చేతి గుంభనాదము, ఇంటిలోని వారి కంఠములలో ఎవరిది ఎవరిదన్న గుర్తు, అడిగిన మాట ప్రశ్నయో కోపమో తెలుపు స్వరము, వీనికెల్ల ఆధారము ఆ తగ్గు స్థాయి వినికిడియే. ఒకటవ శ్రుతిలో పాడు పురుష గాయకుని ఆధార షడ్జము సెకనుకు దాదాపు 130 కంపనములు మాత్రమే కదా!

మాట తెలియని ఇట్టి వారికిని, బొత్తిగా వినబడని వారికిని చేయు చికిత్సయే కోక్లియర్ ఇంప్లాంట్ అమరిక. 1957లో పారిస్ నగరమున జూర్నో, ఏరియెస్ అను ఇరువురు ఒక బధిరుని శ్రవణనాడి చెంత తీగచుట్టను అమర్చి విద్యుత్తుచే ధ్వనిజ్ఞానము కలిగించిరి. 1961లో అమెరికాలో విలియం హౌస్, 1977లో వియన్నాలో హోక్‌మేర్ దంపతుల బృందము, 1978లో మెల్బోర్నులో గ్రేమ్ క్లార్క్ ఈ మార్గమును ముందునకు నడిపించిరి. నేటి సాధనములో చెవి వెనుక ధరించు భాగము శబ్దమును గ్రహించి, స్థాయిలవారీగా విభజించి, చర్మము క్రింద నున్న భాగమునకు రేడియో తరంగముల ద్వారా పంపును. అచటినుండి దారమువంటి ఒక సన్నని కడ్డీ కర్ణావర్తములోనికి పోవును. దానిపై సాధనమును బట్టి 12 మొదలు 22 వరకు ఎలక్ట్రోడులుండును. అవి చచ్చిన రోమకణములతో నిమిత్తము లేకుండ నేరుగా నాడిని ప్రేరేపించును. ఈ చికిత్స మన తెలుగువారికి క్రొత్తది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము క్రింద బధిరులైన పేద శిశువులకు సైతము ఇది లభించినది.

ఈ సాధనము మాటను తిరిగి ఇచ్చుటలో మిక్కిలి సమర్థమైనది. సంగీతము విషయమున అంత సమర్థము కాదు. వేలకొలది రోమకణములు చేయు పనిని ఇరువది ఎలక్ట్రోడులు చేయవలసి వచ్చినప్పుడు, స్వరమునకు స్వరమునకు నడుమ గల సూక్ష్మభేదము చెరగిపోవును. రాగము పోయి తాళము మిగులును. సందడిలో ఒక కంఠమును పట్టుకొనుటయు కష్టమే. ఇచటనే ఆ మిగిలిన తగ్గు స్థాయి వినికిడి విలువ తెలియవచ్చును. హెచ్చు స్థాయిలను విద్యుత్తు ద్వారా, తగ్గు స్థాయిలను సహజమైన చెవి ద్వారా, రెండింటిని ఒకే చెవిలో వినగలిగినచో మాటయు దక్కును, శ్రుతియు దక్కును. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యులు 1999లో ఇట్టి జంట వినికిడిని గూర్చి ప్రకటించిరి. అంతకు ముందే, 1993లో, హానోవర్ నగరపు వైద్యుడు ఎర్న్‌స్ట్ లేన్‌హార్ట్ లోపలి చెవిని మిక్కిలి మృదువుగా తెరువవలసిన పద్ధతిని వివరించియుండెను.

కాని చెప్పినంత సులభము కాదు. వినికిడి తిరిగి ఇచ్చుటకై లోనికి పంపు కడ్డీయే, మిగిలిన వినికిడిని తుడిచివేయవచ్చును. చెవి లోపలి వర్తుల గవాక్షమను పొర వద్ద ద్వారము చేసి, మొదట్లో దాదాపు 2 మిల్లీమీటర్ల వెడల్పుండి లోనికి పోనుపోను సన్నగిల్లు వంకర గొట్టములోనికి కడ్డీని నెట్టవలెను. వైద్యునకు ద్వారము కనబడును; లోపలి మలుపులు కనబడవు. కడ్డీ కొన పొరను తాకినచో పొర కదలిక నిలిచిపోవును. ఇంకను నెట్టినచో పొర చిరుగును. చేతికి ఆటంకము తెలియకమునుపే ఆ చిరుగుట జరిగిపోవచ్చును. ఏలనన అందులకు చాలు బలము అంత స్వల్పము. పూర్వము ఇట్టి హాని జరిగినదో లేదో వారముల తరువాత, రోగిని గదిలో కూర్చుండబెట్టి వినికిడి పరీక్ష చేసినప్పుడు మాత్రమే తెలియుచుండెను. అప్పటికి చేయగలిగినది లేదు. అవసరమైనది, చేయి కదలుచుండగనే హెచ్చరించు సాక్షి.

ఆ సాక్షి జాడ 1930లోనే తెలిసినది. ఆ సంవత్సరమున అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమున వీవర్, బ్రే అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఒక పిల్లికి మత్తునిచ్చి, దాని శ్రవణనాడిపై ఎలక్ట్రోడు నుంచి, అచట లభించిన విద్యుత్తును పెంచి, దూరముగా నున్న వేరొక గదిలోని టెలిఫోను రిసీవరుకు కలిపిరి. ఒకరు పిల్లి చెవి వద్ద మాటలాడగా, ఆ గదిలోని రెండవవారికి మాటలు స్పష్టముగా వినవచ్చెను! పిల్లి చెవి మైక్రోఫోనుగా పనిచేసినది. ఆ విద్యుత్తు నాడిది యని వారు తలచిరి. తరువాతి పరిశోధకులు అది నాడిది మాత్రమే కాదనియు, చాలవరకు కర్ణావర్తమున రోమకణములు పుట్టించునదియే యనియు తేల్చిరి. శబ్దము ఎట్లు కంపించునో అట్లే కంపించు ఈ విద్యుత్తునకు కోక్లియర్ మైక్రోఫోనిక్ అను పేరు స్థిరపడినది. మా వృత్తి పనిముట్టు పేరు చెవికి దక్కినదని మేము కొంత గర్వించిన తప్పులేదేమో! లోపలి చెవిలోను శ్రవణనాడిలోను పుట్టు ఇట్టి విద్యుత్తులను కొలుచు పరీక్షయే ఎలక్ట్రోకాక్లియోగ్రఫీ.

ఇక శస్త్రచికిత్సాగారములోనికి పోదము. రోగి మత్తులోనుండును. అతని చెవి రంధ్రములో మెత్తని చిన్న బిరడా వంటి శ్రవణసాధనము అమర్చబడును. దాని ద్వారా ఒక స్వరమును మాటిమాటికి వినిపింతురు. సాధారణముగా ఎన్నుకొను స్వరము సెకనుకు 500 కంపనములు గలది. మన గాయనీమణులు తారస్థాయిలో పాడు స్వరములకు చేరువది. ఇది సాధారణముగా రోగికి మిగిలియున్న తగ్గు స్థాయి వినికిడికి చెందినది. దీని స్థానము ద్వారమునుండి దాదాపు 25 మిల్లీమీటర్ల లోపల కలదు.

ఈ స్వరమునకు రోమకణములు ఇచ్చు విద్యుత్తును పట్టుటకు తొలుత వర్తుల గవాక్షము వద్ద వేరొక ఎలక్ట్రోడును ఉంచెడివారు. పిమ్మట ఒక చక్కని ఉపాయము తోచినది. లోనికి పోవు కడ్డీ కొనయందే ఎలక్ట్రోడు ఉన్నది కదా! విద్యుత్తును ఇచ్చుటకై చేసిన దానినే విద్యుత్తును గ్రహించుటకు ఉపయోగింపవచ్చును. స్పీకరునే మైక్రోఫోనుగా వాడుకొన్నట్లన్నమాట. కడ్డీ ముందునకు పోవుచుండగా దాని కొనయే, తాను ప్రయాణము చేయుచున్న చోటినుండి వార్త పంపుచుండును. ఆ వార్త మైక్రోవోల్టులలో, అనగా వోల్టులో పదిలక్షవ వంతులలో ఉండును. గదిలోని ఇతర యంత్రముల రొదలో అది మునిగిపోకుండుటకై, స్వరమును అనేక పర్యాయములు వినిపించి, వచ్చిన సమాధానములను కలిపి సగటు తీయుదురు. రొద ఒక్కొక్కసారి ఒక్కొక్క విధముగా నుండును గావున సగటులో అణగిపోవును. చెవి సమాధానము ప్రతిసారి ఒకే విధముగా నుండును గావున నిలిచియుండును. ఇదంతయు కంప్యూటరు క్షణములలో ముగించి తెరపై గీతగా చూపును.

పరికింపవలసినది ఆ గీత నడక. కడ్డీ లోనికి పోవుచున్న కొలది, 500 కంపనముల స్థానమునకు చేరువగుచుండును గావున, సాధారణముగా గీత పైకి లేచును. ఇది శుభసూచకము. లేచుచున్న గీత ఒక్కసారిగా పడిపోయినచో, కొన పొరను తాకినదేమో, పొర కదలిక అణగినదేమో యని అనుమానింపవలెను. గీతను కనిపెట్టుచున్న సహాయకుడు ఆ మాట చెప్పగా వైద్యుడు చేయి నిలుపును. ఒక క్షణము ఆగును. అవసరమైనచో కడ్డీని వెంట్రుకవాసి వెనుకకు తీయును, లేక దాని దిశను కొంచెము మార్చును. గీత మరల లేచినచో నెమ్మదిగా ముందునకు సాగును. మీటరు పడిపోగానే మా ఇంజనీరు చేయు సైగయే ఇది. కొందరు వైద్యులు 30 శాతము తగ్గుదలను హెచ్చరికగా పరిగణింతురు.

ఈ హెచ్చరిక నిజమైనదేనా? మెల్బోర్ను పరిశోధకులు 2016లో ప్రకటించిన పరిశీలనలో, కడ్డీ అమర్చుట పూర్తియగు వరకు గీత నిలిచిన వారికి పిమ్మట వినికిడి మెరుగుగా నిలిచినదనియు, గీత పడిపోయిన వారికి ఎక్కువ నష్టము కలిగినదనియు కనబడెను. అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయమువారు, సాధారణ పరీక్షలో దాదాపు ఏమియు వినబడని రోగులలో సైతము ఎక్కువమంది చెవులు ఎంతో కొంత విద్యుత్ సమాధానమిచ్చుచున్నట్లు కనుగొనిరి. చెవిటిదనుకొన్న చెవి బొత్తిగా మూగది కాదన్నమాట.

అయినను శ్రోతలకు సగము మాట చెప్పి ఊరకుండుట మాకు తగదు. గీత పడిపోయినంత మాత్రమున ప్రతిసారి హాని జరిగినదనుటకు వీలులేదు. కడ్డీ కొన, సమాధానమిచ్చు కణములను దాటి ముందునకు పోయినచో, కణములు క్షేమముగానున్నను గీత తగ్గును. రెండు చోట్ల పుట్టిన విద్యుత్తులు ఎదురుబొదురై ఒకదానినొకటి రద్దు చేసికొన్నను తగ్గును. ఈ భేదములను తేల్చుటకు గీత ఎత్తును మాత్రమేగాక, దాని అలలు ఎంత ఆలస్యముగా వచ్చుచున్నవో కూడ పరిశీలించుచున్నారు. ఇక వేరొక సంగతి. శస్త్రచికిత్సాగారమున గీత చక్కగా నిలిచినను, వారములు, మాసములు గడచిన పిమ్మట వినికిడి తగ్గిపోవచ్చును. లోపలి చెవి క్రొత్తగా వచ్చిన కడ్డీని పరాయి వస్తువుగా నెంచి వాపునకు లోనగును. దాని చుట్టు గట్టి కణజాలము పెరుగును. దీనిని తగ్గించుటకై స్టీరాయిడు మందులు వాడుచున్నారు. గీత చెప్పునది ఆ గంటలోని సంగతి మాత్రమే. రాబోవు సంవత్సరముల సంగతి కాదు. అది కాపలావాడే గాని వైద్యుడు కాదు.

కావున ఇట్టి చికిత్స తలపెట్టిన ఇంటివారు వైద్యుని కొన్ని ప్రశ్నలడుగుట మేలని మాకు తోచుచున్నది. ఈ చెవిలో ఇంకను ఎంత వినికిడి మిగిలినది? ఏ స్థాయిలలో మిగిలినది? దానిని నిలుపుటకు ఏయే జాగ్రత్తలు తీసికొందురు? నిలిచినచో రెండు విధముల వినికిడిని కలిపి వాడుకొను సాధనము లభించునా? ఒకవేళ నిలువకపోయినచో ఇంప్లాంట్ ఒక్కదానితో ఎంత ప్రయోజనముండును? ఈ కడపటి ప్రశ్నను తప్పక అడుగవలెను. మిగిలిన కొద్ది వినికిడి పోవునన్న భయముచేత మాటయే లేకుండ ఏండ్లు గడుపుటయు నష్టమే. శిశువుల విషయమున ఆలస్యము మరింత నష్టము. భాష నేర్చు వయస్సు వేచియుండదు. ఏడాది వయస్సున కడ్డీ అమర్చిన శిశువు ఆ చెవితో ఎనుబది యేండ్లు జీవింపవలసియుండును. సాధనము మార్చవలసిన అవసరము మధ్యలో రావచ్చును. కాబట్టి వినికిడి మిగిలినను, మిగులకున్నను, లోపలి చెవిని గాయపడనీయక కాపాడుట అందరకును అవసరమే.

వినుటయే ఆధారముగా నడచు వృత్తి మాది. మా మాట చేరిన ప్రతి యింటను ఏదో ఒక మూల కూర్చుండి, పాట వినబడుచున్నను మాట తెలియక, రేడియోకు చెవి ఆనించి యుండు పెద్దలుందురని మాకు తెలియును. వారు వినుచున్నది మా ప్రసంగములు కాకపోవచ్చును. తంబురా శ్రుతి మాత్రమే కావచ్చును. వారికి మాటను ఇచ్చునప్పుడు ఆ శ్రుతిని లాగికొనకుండుటకై, వైద్యుడు తన చేతిని ఆపి, నిద్రించుచున్న మనుష్యుని చెవి ఏమి చెప్పుచున్నదో ఆలకించుట నేర్చినాడు.